హెడ్ పని అయ్యాక చెక్ ఇంజన్ లైటు: ఆక్సిజన్ సెన్సర్ మార్చినా పోవట్లేదు

నాగావళి_ఒడ్డు
బండి 2018 పెట్రోల్, 1.2 లీటరు, బీఎస్4, 82 వేలు తిరిగింది. మే నెల్లో టెక్కలి నుంచి వస్తుంటే మడపాం టోల్‌గేటు దగ్గర వేడెక్కిపోయింది. పక్కకి తీసి ఆపేసరికే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది. శ్రీకాకుళంలోనే తెలిసిన గ్యారేజీలో ఇస్తే హెడ్ దింపి ఫేసింగ్ పట్టించి (ముఖం చదును చేయించి), వాల్వులు సెట్ చేసి, కొత్త హెడ్ గాస్కెట్, వాటర్ పంపు, థర్మోస్టాట్ వేసేరు. 31 వేలయింది. అక్కడివరకూ బాగానే ఉంది.

బండి ఇంటికి తెచ్చిన రెండో రోజే చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0131, పీ0171. మొదటిది ముందున్న ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసేది) వోల్టేజి తక్కువని, రెండోది మిక్చర్ లీన్ అని, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని. "సెన్సర్ పోయింది బాబూ" అని కొత్తది వేసేరు, 4,600. మూడో రోజు మా అత్తగారిని ఆమదాలవలస స్టేషన్‌లో దింపడానికి వెళ్తుంటే దారిలోనే మళ్ళీ లైటు. అవే కోడ్లు. ఇప్పుడేమో ఈసీఎమ్ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) పోయింది, 28 వేలవుతుంది అంటున్నారు.

18 ఇచ్చే బండి 12కి పడిపోయింది. సైలెన్సర్ మూతి నిండా మసి. హెడ్ పనికి ముందు ఈ లైటు ఒక్కసారి కూడా రాలేదు. ఈసీఎమ్ మార్చీమంటారా? ఇప్పటికే అప్పు చేసి కట్టేను, కాలూ చెయ్యీ ఆడట్లేదు.

ఏడురోడ్ల_టాక్సీ
మార్చకు బాబూ. ఈసీఎమ్ మాట ఎత్తేరంటే వాళ్ళకి దొరకలేదన్నమాట. ఒక్క రూపాయి కూడా కట్టకు, ఇక్కడోళ్ళని చూడనీ.

గంటస్తంభం_2
ఇందులో పెద్ద మర్మం ఏమీ లేదు. హెడ్ గాస్కెట్ పోయినప్పుడు కూలెంట్ సిలిండర్లోకి దిగి కాలుతుంది. అందులో ఉండే సిలికేట్ సెన్సర్ మూతి మీద పూతలా పట్టేస్తుంది. పాత సెన్సర్ అలాగే చచ్చింది. కొత్తది 4,600 అంటున్నారు, అది నకిలీ అయ్యుంటుంది. కంపెనీ సెన్సర్ వేయించండి, పోతుంది.

సాలూరు_ఘాటీ
మాది లారీల ఊరు, పెట్రోల్ బళ్ళ సంగతి తక్కువే తెలుసు. కానీ మా బావ కారుకి ఇలాగే ఇంజన్ దింపి ఎక్కించేక కోడ్ వచ్చింది. చూస్తే ముందు సెన్సర్ ప్లగ్గు వెనక సెన్సర్‌కి, వెనకది ముందుకి పెట్టీసేరు. రెండూ ఒకే ఆకారం, వైర్లు అందుతాయి, ఎవరికి తెలుస్తుంది? పొగని శుభ్రం చేసే కన్వర్టర్ తరవాత ఉన్న సెన్సర్ నెమ్మదిగా కదుల్తుంది కదా, దాన్ని నమ్ముకుని కంప్యూటర్ పెట్రోల్ పోస్తాంది. ప్లగ్గులు మార్చి పెడితే అయిపోయింది. ఖర్చు సున్నా. మొదట అది చూడు తమ్ముడూ.

పలాస_జీడి
ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చినప్పట్నుంచీ అందరికీ ఇదే గోల. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి సెన్సర్ లీన్ అంటుంది. బండి తప్పు కాదు, బంకు తప్పు.

బొబ్బిలి_వీణ
నాగావళి గారూ, ఎవరి మాటా విని ఏదీ కొనకండి. ముందు నాలుగు సంగతులు చెప్పండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే ఏ రంగులో ఉన్నాయి? స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క) ఐడిల్‌లో ఎంత, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచితే ఎంత? పొద్దున్న చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ దగ్గర కొత్త శబ్దం ఏమైనా ఉందా? విప్పిన పాత సెన్సర్ మీ దగ్గర ఉందా, వాళ్ళే పారేశారా?

మీరు రాసినదాంట్లో ఒకటి నాకు కుదరట్లేదు. కోడ్ లీన్ అంటోంది, అంటే పెట్రోల్ చాలట్లేదని. సైలెన్సర్ మూతిలో మసి, మైలేజి 12. అంటే పెట్రోల్ ఎక్కువైపోతోందని. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు.

పలాస గారూ, ఈ20 లెక్క వేసి చూడండి. మామూలు పెట్రోల్ 1 కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 దాకా. తేడా 8, 9 శాతం. దానికి ట్రిమ్ కొంచెం పెరుగుతుంది గాని పీ0171 దాకా పోవాలంటే ఇంకేదో తోడవ్వాలి. పైగా హెడ్ పనికి ముందు కూడా ఇదే బంకు కదా.

నాగావళి_ఒడ్డు
వీణ గారూ, పాత సెన్సర్ అడిగి తెచ్చుకున్నాను, డిక్కీలో కవర్లో ఉంది. శబ్దం ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ వెనకవైపు టిక్ టిక్ టిక్ అని వస్తుంది, ఐదు నిమిషాల్లో పోతుంది. వాల్వుల శబ్దం, సర్దుకుంటుంది అన్నారు. మిగతావి సాయంత్రం చూసి రాస్తాను. ప్లగ్గు పానా మా తోడల్లుడి దగ్గర ఉంది.

ఏడురోడ్ల_టాక్సీ
చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కితే మాయం. అది వాల్వు కాదు బాబూ. నాను పందెం కాస్తాను.

చిలకపాలెం_పానా
నేను గ్యారేజీ నడుపుతాను కాబట్టి మా వాళ్ళ తరపున కూడా ఒక మాట చెప్పాలి. హెడ్ దింపడం అంటే పది చోట్ల చెయ్యి పడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ వస్తుంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వస్తుంది, ఇంజెక్టర్ రైలు వస్తుంది, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌లోకి పంపేది), ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్తు వైరు, సెన్సర్ల ప్లగ్గులు. ఇందులో ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా నేరం వెళ్ళి ఆక్సిజన్ సెన్సర్ మీద పడుతుంది. ఎందుకంటే కంప్యూటర్‌కి చివర్లో కబురు చెప్పేది అదే.

నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే సెన్సర్ జోలికి చివర్న వెళ్తాను. ముందు బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెట్టి, ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి చూస్తాను. వోల్ట్‌లో పదో వంతు దాటితే ఎర్తు బాలేనట్టే. సెన్సర్ పనిచేసేదే 0.1 నుంచి 0.9 వోల్ట్ మధ్య, 0.45 దగ్గర అటూ ఇటూ దాటుతుంటుంది. దానికి కింద లీన్, పైన రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. అంత చిన్న లెక్కలో ఎర్తు తేడా వస్తే మొత్తం తప్పే. పనివాడు ఎర్తు బోల్టు కింద పెయింటు గోకకుండా బిగించినా చాలు.

సాలూరు అన్న చెప్పిన ప్లగ్గుల తారుమారు నేనూ రెండుసార్లు చూశాను.

బారువ_తీరం
మా సముద్రపు ఊళ్ళో ఐతే ప్లగ్గు పిన్నులు పచ్చగా చిలుము పట్టీస్తాయి. నా బండికి పీ0135 వచ్చింది, హీటర్ సర్క్యూట్. సెన్సర్ కొనబోతే మా మేనల్లుడు ఆపి ఫ్యూజ్ చూసేడు. ఫ్యూజ్ బాగుంది. ప్లగ్గు విప్పితే ఒక పిన్ను సగం కరిగిపోయి ఉన్నాది. మల్టీమీటర్‌తో ఆ రెండు తెల్ల వైర్ల మధ్య 9 ఓమ్ చూపించింది, హీటర్ బతికే ఉంది. ప్లగ్గు మార్చేను అంతే.

చిలకపాలెం_పానా
బారువ గారిది సరైన పద్ధతి. ఒకే రంగులో ఉన్న రెండు వైర్లు హీటర్‌వి, వాటి మధ్యే ఓమ్ మీటర్ పెట్టాలి. మిగతా రెండు సిగ్నల్‌వి, వాటి మీద ఓమ్ మీటర్ ఎప్పుడూ పెట్టకూడదు, సెన్సర్ దెబ్బతింటుంది. ఇంకోటి, వైరు తెగితే టంకం పెట్టకండి. చాలా సెన్సర్లు బయటి గాలిని ఆ వైరు తీగల సందుల్లోంచే పీల్చుకుంటాయి. టంకం పోస్తే ఊపిరి ఆగిపోయినట్టే. క్రింప్ చేసి గొట్టం తొడగాలి.

గంటస్తంభం_2
ఇవన్నీ బాగానే ఉన్నాయి, నా ప్రశ్నకి జవాబు లేదు. హెడ్ గాస్కెట్ పోయిన బండిలో సెన్సర్‌కి పూత పట్టదంటారా? మా విజయనగరంలో కోట జంక్షన్ దగ్గర మా తమ్ముడి బండికి అచ్చం అలాగే అయ్యింది. హెడ్ కవర్‌కి సిలికాన్ పేస్టు ఇష్టం వచ్చినట్టు రాసేరు, ఆ ఆవిరి పీసీవీ ద్వారా లోపలికి పోయి సెన్సర్ మూతి తెల్లగా సున్నం కొట్టినట్టు అయ్యింది. కళ్ళతో చూశాను.

చిలకపాలెం_పానా
పట్టదని ఎవరూ అనలేదు అన్నా. పడుతుంది. అందుకే వీణ గారు పాత సెన్సర్ అడిగేరు. సిలికాన్ పేస్టు కొనేటప్పుడు సెన్సర్‌కి హాని చేయనిది అని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలి. నేను కుర్రాళ్ళకి మొదటి వారం నేర్పేది అదే.

నాగావళి_ఒడ్డు
చూసేను. రాస్తున్నాను.

నాలుగు ప్లగ్గులూ నల్లగా, పొడి మసి, వేలు పెడితే అంటుకుంటోంది. నూనె తడి లేదు.
ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +23 శాతం, షార్ట్ టర్మ్ +4 నుంచి +7 మధ్య ఆడుతోంది. సెన్సర్ వోల్టేజి ఎక్కువసేపు 0.1, 0.2 దగ్గరే.
2500 దగ్గర పట్టి ఉంచితే లాంగ్ టర్మ్ +7. సెన్సర్ అప్పుడు 0.2 నుంచి 0.8కి చకచకా ఊగుతోంది.
పాత సెన్సర్ మూతి లేత బూడిద రంగు, కొంచెం గోధుమ. తెలుపు ఎక్కడా లేదు. గంటస్తంభం గారి మాట గుర్తుపెట్టుకుని ఎండలో పెట్టి మరీ చూశాను.
ప్లగ్గులు తారుమారు కాలేదు, వైర్ల వెంట వెళ్ళి చూశాను.

బొబ్బిలి_వీణ
ఇదిగో, ఇప్పుడు దొరికింది.

నేను ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో పని చేస్తాను. మా బాయిలర్ పొగగొట్టంలో కూడా ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ ఉంటుంది. అందులో ఉండేదీ మీ కారు సెన్సర్‌లో ఉండేదీ ఒకటే, జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. మూడేళ్ళ కిందట ఆ ప్రోబ్ ఆక్సిజన్ 7 శాతం అని చూపిస్తోంది, ఎప్పుడూ 3, 4 ఉండాల్సింది. బాయిలర్ వాళ్ళు గాలి తగ్గించేశారు. తగ్గించిన కొద్దీ పొగ నల్లగా వస్తోంది, ప్రోబ్ మాత్రం ఇంకా గాలి ఎక్కువే అంటోంది. ప్రోబ్ మార్చాం, అదే లెక్క. రెండు రోజులు తిప్పలు పడ్డాక తెలిసింది, ప్రోబ్‌కి ముందున్న ఇన్‌స్పెక్షన్ తలుపు తాడు గాస్కెట్ చిరిగింది. ఫ్యాన్ లాగుతున్నప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తోంది. ప్రోబ్ తను చూసిన గాలినే నిజాయితీగా చెప్పింది. ఆ గాలి మంటలోంచి వచ్చింది కాదు, అంతే.

మీ బండిలోనూ అదే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎక్కడో సెన్సర్‌కి ముందు కారుతోంది. పొగ ధారగా పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. ప్రతి దెబ్బ వెనకాలా క్షణం పాటు లోపలికి లాగుడు ఉంటుంది. ఐడిల్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువ, గాలి దూరుతుంది. సెన్సర్ లీన్ అంటుంది, కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, సెన్సర్ ఇంకా లీన్ అనే అంటుంది. 2500 దగ్గర లోపల ఒత్తిడి పెరిగి దూరే గాలి వాటా తగ్గిపోతుంది, అందుకే +7. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కి ఇనుము సాగితే సందు మూసుకుంటుంది. అన్నీ ఒక్కచోటికే చూపిస్తున్నాయి.

గంటస్తంభం_2
ఇన్‌టేక్ వైపు గొట్టం ఊడినా ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువ, 2500 దగ్గర తక్కువ వస్తుంది. ఇదే లెక్క. ఎగ్జాస్టే అని ఎలా అంటారు?

బొబ్బిలి_వీణ
మంచి ప్రశ్న. ట్రిమ్ ఒక్కటే చూస్తే తేడా చెప్పలేం. తేడా చెప్పేది ప్లగ్గులు. ఇన్‌టేక్‌లో గాలి దూరితే ఇంజన్ నిజంగానే లీన్, కంప్యూటర్ పెట్రోల్ కలిపి సరిచేస్తుంది, ప్లగ్గులు మామూలు గోధుమ రంగులోనే ఉంటాయి. ఇక్కడ నాలుగూ నల్లగా ఉన్నాయి. అంటే లోపల రిచ్, సెన్సర్ దగ్గర మాత్రమే లీన్. గాలి కాలిన తరవాత దూరుతోంది.

గంటస్తంభం_2
ఇది నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

చిలకపాలెం_పానా
వీణ గారూ, మా గ్యారేజీకి వచ్చి ఒక రోజు కుర్రాళ్ళకి ఇది చెప్పండి. టీ, ఉల్లి పకోడీ మాది.

నాగావళి గారూ, ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాక కంప్యూటర్ షాపు వాళ్ళు దుమ్ము ఊదే బ్లోయర్ ఒకటి తెచ్చుకోండి. సైలెన్సర్ మూతికి పెట్టి చుట్టూ తడిగుడ్డ కుక్కండి. ఒకరు ఊదుతుంటే ఇంకొకరు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు మానిఫోల్డ్ అతుకుల మీద పిచికారీ చెయ్యండి. బుడగలు ఎక్కడొస్తే అక్కడ. ఇంజన్ నడుస్తుండగా కార్బ్ క్లీనర్ కొట్టి చూద్దాం అని ఎవరైనా అంటే వద్దనండి, వేడి మానిఫోల్డ్ పక్కన అది మంట అంటుకుంటుంది. మా వీధిలో ఒక కుర్రాడి కనుబొమ్మలు కాలిపోయాయి.

సాలూరు_ఘాటీ
లారీలకి మేం చెయ్యి దగ్గర పెట్టి చూస్తాం, ఊపిరి తగుల్తుంది. కారుకి హీట్ షీల్డ్ అడ్డం ఉంటాది. బ్లోయర్ పద్ధతే మేలు.

వేదిక_కాపలా
చర్చ బాగా సాగుతోంది. గ్యారేజీ పేరు, నంబరు ఎవరూ రాయకండి, అడగకండి. అడిగిన రెండు పోస్టులు తీసేశాను.

నాగావళి_ఒడ్డు
దొరికింది. నిన్న ఆదివారం మా తోడల్లుడూ నేనూ కూర్చున్నాం. బ్లోయర్ ఆన్ చేసి మొదటి మూడు పోర్టుల దగ్గర సబ్బు నీళ్ళు కొడితే ఏమీ లేదు. నాలుగో పోర్టు పైన కూడా లేదు. ఆశ పోయింది. హీట్ షీల్డ్ మూడు బోల్టులు విప్పి కిందవైపు కొట్టేను. గుప్పున తెల్ల బుడగలు, నురగలాగ, చెయ్యి వెడల్పున. మా పాప పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

టార్చి పెట్టి చూస్తే నాలుగో పోర్టు కింద స్టడ్డుకి నట్టు లేదు. స్టడ్డు మర మెరుస్తూ ఖాళీగా ఉంది. అక్కడినుంచి హెడ్ అల్యూమినియం మీదుగా ఒక నల్లటి గీత, కాటుక పెట్టి వేలితో పక్కకి లాగినట్టు. ఎగ్జాస్ట్ గాస్కెట్ పాతదే. అంచు రేకు పొరలు విడిపోయి బయటికి వచ్చి ఉన్నాయి.

ఫోన్లో వీడియో తీసి గ్యారేజీకి పట్టుకెళ్ళాను. కోపంగానే వెళ్ళాను, దాచను. ఆయన వీడియో చూసి ఏమీ అనలేదు. టార్చి తీసుకుని బానెట్ కింద చాలాసేపు వంగి చూశాడు. తరవాత కుర్రాణ్ణి పిలిచి "మానిఫోల్డ్ విప్పు" అన్నాడు అంతే.

ఏడురోడ్ల_టాక్సీ
నా పందెం గెలిచేను. పకోడీలో నాకూ వాటా ఉన్నాది.

చిలకపాలెం_పానా
ఇప్పుడు ఆయన తరపున ఒక మాట. హెడ్ పనికి వచ్చిన కస్టమర్లలో చాలామంది ఎగ్జాస్ట్ గాస్కెట్ కొత్తది రాస్తే "పాతది బాగుంది కదా, అదే వెయ్యి" అంటారు. 600 దగ్గర బేరం ఆడతారు. ఆ బేరం చివరికి 4,600 సెన్సరై కూర్చుంటుంది. నట్టు మర్చిపోవడానికి మాత్రం సాకు లేదు, అది మా తప్పే.

నాగావళి గారూ, మళ్ళీ బిగించేముందు మానిఫోల్డ్ ముఖం మీద ఇనుప స్కేలు నిలబెట్టి చూడమనండి. ఇంజన్ వేడెక్కినప్పుడు మానిఫోల్డ్ కూడా వంగుతుంది. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే ఫేసింగ్ పట్టించాల్సిందే, లేకపోతే కొత్త గాస్కెట్ కూడా నెలలో పోతుంది. నట్లు మధ్యలోంచి చివరలకి రెండు మూడు విడతల్లో బిగించాలి. వేడెక్కి చల్లారాక ఒకసారి మళ్ళీ చూడాలి.

గంటస్తంభం_2
పాత సెన్సర్ సంగతి తేల్చండి. బాగుంటే అదే పెట్టొచ్చు, నా మాట తప్పని తేలినా పర్వాలేదు. 4,600ది దాచుకోవచ్చు.

చిలకపాలెం_పానా
తేల్చొచ్చు. సెన్సర్‌ని వైస్‌లో పట్టి సిగ్నల్ వైర్లకి మీటర్ వోల్ట్‌లో పెట్టి, మూతి మీద గ్యాస్ టార్చి మంట పట్టాలి. ఒక నిమిషంలో వేడెక్కి 0.6 దాటి పైకి రావాలి. మంట పక్కకి తీస్తే వెంటనే కిందికి పడాలి. నెమ్మదిగా జారితే ముసలిదైనట్టు. పూత పట్టినది సరిగ్గా లేవదు. చేతులు జాగ్రత్త, గ్యారేజీలోనే చెయ్యండి.

నాగావళి_ఒడ్డు
గ్యారేజీలోనే చేశాం. మంట పెట్టేక 0.82. తీసేస్తే సెకను పట్టలేదు, 0.1 కిందకి పడిపోయింది. నాలుగుసార్లు చేశాం, నాలుగుసార్లూ అంతే. ఆ కుర్రాడు మీటర్ వైపే చూస్తూ "ఇది బాగానే ఉంది కదండీ" అన్నాడు. పాపం వాడే మొదట దీన్ని విప్పింది.

స్కేలు కింద నాలుగో పోర్టు దగ్గర సన్నగా వెలుతురు వచ్చింది. ఫేసింగ్ పట్టించారు. కొత్త గాస్కెట్ 650, నేనే ఇచ్చేను. పనికి డబ్బు తీసుకోలేదు. పాత సెన్సరే మళ్ళీ పెట్టించేను. మర మీద యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) కొంచెమే రాసి, మూతికి అంటకుండా.

బొబ్బిలి_వీణ
కోడ్లు చెరిపేశాక ట్రిమ్ సున్నా నుంచి మళ్ళీ నేర్చుకుంటుంది. రెండు మూడు రోజులు కొంచెం ఊళ్ళో, కొంచెం హైవే మీద నడిపి అప్పుడు చూడండి. మసి పట్టిన ప్లగ్గులు ఇంకోసారి శుభ్రం చేయించండి. ఇన్నాళ్ళు రిచ్‌లో నడిచింది కాబట్టి ఇంజన్ ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తోందేమో డిప్‌స్టిక్ తీసి చూడండి. వస్తే ఆయిల్ మార్చెయ్యండి.

నాగావళి_ఒడ్డు
వాసన వచ్చింది, ఆయిల్ మార్పించేను.

ఐదు రోజులైంది. లైటు లేదు. పొద్దున్న టిక్ టిక్ లేదు. లాంగ్ టర్మ్ ఐడిల్‌లో +3, 2500 దగ్గర +4. నిన్న నరసన్నపేట వెళ్ళి వచ్చి ట్యాంకు నింపి లెక్క కట్టేను, 17.4. మా అత్తగారిని మళ్ళీ స్టేషన్ నుంచి తేవాలి, ఈసారి ధైర్యంగా వెళ్తాను. వీణ గారికీ పానా గారికీ, మొదట ఆపిన టాక్సీ అన్నకీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఏడురోడ్ల_టాక్సీ
ఆ కొత్త సెన్సర్ ఏటి సేస్తావు బాబూ? నాదీ అదే ఇంజను. నా వెనక సెన్సర్ హీటర్ పోయింది, పీ0141. ఇస్తే కొంటాను.

చిలకపాలెం_పానా
ఆగన్నా. ముందుదీ వెనకదీ మర ఒకటే అయినా వైరు పొడవు తేడా ఉంటుంది. పొట్టి వైరు లాగి పెడితే సైలెన్సర్‌కి తగిలి కరుగుతుంది. అయినా హీటర్ ఫ్యూజ్ చూసేవా ముందు?

ఏడురోడ్ల_టాక్సీ
చూడలేదు. ఇప్పుడే వెళ్తన్నాను.